గోనెల నీడలో చామంతులు

ఎండ పోయాక గోనెలు ఆరేసే మనిషిని ఎక్కడైనా చూశారా? నేను రోజూ చూస్తాను. ఆమె దగ్గరే నా పని.

పెద్ద రోడ్డు మలుపు తిరిగేచోట, టైర్ల కొట్టు పక్కన, ఇనుప గేటు పెట్టిన పొడుగాటి జాగా ఒకటుంది. అదే అక్క మొక్కల తోట. తోట అంటే ఏదో పెద్దగా ఊహించుకోకండి. మధ్యలో నడిచే దారి, దారికి అటూ ఇటూ కుండీలు, వెనక మట్టి కుప్ప, ఎరువు కుప్ప, నీళ్ళ తొట్టి, ఆ చివర అక్క ఉండే రేకుల గది. మట్టి తవ్వడం, జల్లించడం, కుండీలు నింపడం, కొన్నవాళ్ళ ఇంటిదాకా బండి తోసుకెళ్ళడం నా వంతు. మొక్కల సంగతి ఆమె వంతు.

నాకు సొంత అక్క కాదు. కానీ మొదటిరోజు కూలికి వచ్చినప్పుడు "తమ్ముడూ, ముందు నీళ్ళు తాగు" అంది. అంతే, అప్పటినుంచీ అక్కే. బయటివాళ్ళు మాత్రం గోనెలక్క అంటారు. ఎందుకంటే అందరూ మొక్కల్ని ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి ఇస్తే, ఈమె వేళ్ళ దగ్గరి మట్టి చెదరకుండా తడి గోనె చుట్టి ఇస్తుంది. మళ్ళీ వచ్చినప్పుడు గోనె తిరిగి తెమ్మంటుంది. తెస్తారు కూడా. సాయంత్రం పని అయ్యాక వాటన్నిటినీ తొట్టిలో జాడించి, దారి వెంబడి కట్టిన తీగ మీద వరసగా వేస్తుంది.

టైర్ల కొట్టాయన గోడ మీదనుంచి తొంగిచూసి రోజూ ఒక మాట అంటాడు.

"ఏం గోనెలక్కా, వెన్నెల్లో ఆరేస్తున్నావా? నల్లబడిపోతాయేమో చూసుకో!"

"నీ టైర్లకంటే నల్లబడవులే" అంటుంది అక్క.

నేనూ ఒకసారి అడిగాను. గోనె ఒకటి తీసి నా చెంపకి ఆనించింది. "ఎండకి ఎండిన గోనె ఎండుటాకులాగా పెళపెళమంటుంది. వేళ్ళని గీరేస్తుంది. మంచుకి ఆరిన గోనె చూడు, పసిపిల్ల దుప్పటిలా ఉంటుంది." నిజమే. ఆ మెత్తదనానికి నాకు నిలబడే నిద్ర వచ్చింది.

ఆమె ఈ తోటకి వచ్చింది కొత్త పెళ్ళికూతురుగా. అప్పటికి మొక్క అంటే ఏమిటో తెలియదట. బావ ఒక కొమ్మ చేతిలో పెట్టి నాటమంటే తలకిందులుగా నాటింది. నెలంతా దానికి నీళ్ళు పోసింది. రోజూ పొద్దున్నే వెళ్ళి చిగురు వచ్చిందా అని చూసుకునేది. బావ చూస్తూ ఊరుకున్నాడు తప్ప చెప్పలేదు.

"ఎందుకు చెప్పలేదు?" అని నేనంటే నవ్వింది.

"నేనూ అదే అడిగాను. చెబితే సిగ్గుపడి నీళ్ళు పోయడం మానేస్తావని చెప్పలేదన్నాడు. నీళ్ళు పోయడం వచ్చిందిగా, మిగతాది వస్తుందిలే అన్నాడు."

బావ పోయి చాలా కాలమైంది. మిగతాది ఆమెకి వచ్చింది. ముఖ్యంగా చామంతి. చలికాలం వచ్చిందంటే దారికి కుడివైపు జాగా అంతా చామంతి కుండీలే. పసుపు, తెలుపు, ఇటుక రంగు. తోట ఏడాదంతా బతికేది ఆ పూల మీదే.

దీపం గొడవ మొదలైంది అక్క కింద పడటంతో. చలికాలంలో పొద్దు తొందరగా పోతుంది. పనులనుంచి ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు ఆగేది చీకటి పడ్డాకే. గేటు పైన పాత బల్బు ఒకటి వేలాడుతుండేది. కరెంటు ఏనుగులా తినేది, వెలుతురు చీమలా ఇచ్చేది. వాన చినుకు పడితే టప్పున పేలేది. చలికాలం ఇంకా రాకముందే, ఆ గుడ్డి వెలుతుర్లో అక్క కుండీ తగిలి పడింది. మణికట్టు విరిగింది.

ఆమె కూతురు ఊళ్ళోనే ఏదో ఆఫీసులో పనిచేస్తుంది. మూడో అంతస్తులో ఇల్లు. సెలవురోజు వచ్చి, తల్లి చేతికి కట్టు చూసి, దారిలో అటూ ఇటూ తిరిగింది. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"మామయ్యా, నువ్వైనా చెప్పు. ఇంక చాలు. అమ్మని వచ్చి నా దగ్గర ఉండమను."

"నేను చెబితే వింటుందా తల్లీ? నేను జల్లెడ పట్టుకునే పద్ధతి కూడా ఆవిడే చెబుతుంది."

అక్క లోపలినుంచే అంది. "మీ ఇంట్లో నా మొక్కలెక్కడ పెట్టుకోవాలే?"

"బాల్కనీ ఉందిగా అమ్మా. ఓ నాలుగు కుండీలు పెట్టుకో."

"ఏనుగుని తెచ్చి అగ్గిపెట్టెలో పడుకోమన్నట్టుంది."

కూతురు నవ్వలేదు. కళ్ళనిండా నీళ్ళు. "నువ్వు చీకట్లో పడిపోయి ఉంటే పొద్దున మామయ్య వచ్చేదాకా ఎవరూ చూడరమ్మా. నాకు నిద్ర పట్టట్లేదు."

ఆ మాటకి అక్క మెత్తబడింది. చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. గేటు దగ్గర మంచి దీపాలు పెట్టించాలి. ఈ చలికాలం చామంతి ఎప్పటిలా అమ్ముడుపోతే తోట ఉంటుంది. పోకపోతే గేటుకి తాళం వేసి అక్క కూతురు దగ్గరికి వెళ్ళిపోవాలి. అక్క సరేనంది. కానీ ఆ సాయంత్రం నేను పిండి ఇచ్చిన గోనెలు ఒంటిచేత్తో ఆరేస్తుంటే, ఆ చెయ్యి మామూలుకంటే నెమ్మదిగా కదిలింది.

సందు చివర లైట్ల కొట్టతను వచ్చాడు. చెడ్డవాడు కాదు, మాటకారి. పలకలాంటి పెద్ద లైటు పట్టుకొచ్చాడు.

"ఇది ఎల్‌ఈడీ పెద్దమ్మా. రాత్రంతా వెలిగినా నీ పాత బల్బు సాయంత్రం తిన్నంత తినదు."

"తినకుండా పనిచేసేదా? మా తమ్ముడిక్కూడా ఈ విద్య నేర్పించు బాబూ" అంది అక్క నావైపు చూసి.

దాన్ని దారికి ఎడమవైపు, టైర్ల కొట్టు గోడ పక్క స్తంభానికి బిగించాడు. స్విచ్ వేయగానే తోటంతా తెల్లగా అయిపోయింది. ఎక్కడో పగటి ముక్క కోసి తెచ్చి ఇక్కడ అతికించినట్టు. ఆకు మీద ఆకు, గులకరాయి మీద గులకరాయి, అన్నీ లెక్క పెట్టుకోవచ్చు. మొహాలు మాత్రం ఫోటోకి కూర్చున్నవాళ్ళలా బిగుసుకున్నాయి. ఎర్ర గులాబీ ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలా కనిపించింది. ఆ మర్నాడే బండి మీద ఒకాయన దూసుకొచ్చి గేటు దగ్గర ఆపి, "ఫుల్ చెయ్యి" అన్నాడు. పెట్రోలు బంకు అనుకున్నాడట.

"మట్టి పోయమంటారా, ఎరువు పోయమంటారా?" అని అడిగాను నేను.

అయినా దారి కనిపిస్తోంది, ఖర్చు లేదు. అదే పదివేలు అనుకున్నాం. అక్కకి ఇంకో సుఖం కూడా దొరికింది. కాపురానికి వచ్చినప్పటినుంచీ రోజులో ఆఖరి పని ఆ పాత బల్బు ఆర్పడమే. స్విచ్ షాక్ కొడుతుందని చెక్కముక్కతో నొక్కేది. ఇప్పుడు ఆర్పక్కర్లేదు. "తినేదే లేనప్పుడు వెలగనీలే, దొంగ భయం కూడా ఉండదు" అని అలాగే వదిలేసేది. తెల్లారేదాకా తోటంతా తెల్లగా మెలకువగా ఉండేది.

చలి మొదలైంది. రోడ్డుకి అవతలివైపు తోటల్లో చామంతులకి మొగ్గలు కనబడ్డాయి. మనకి లేవు. ఆకులు మాత్రం ముదురు పచ్చగా, మోకాలెత్తు పెరిగి, గాలికి గలగలమంటున్నాయి. మొగ్గ అనేదే లేదు. అక్క ఎరువు మార్చింది. నీళ్ళు తగ్గించింది, పెంచింది. కొసలు తుంచింది. ఏం చేసినా ఆకే.

టైర్ల కొట్టాయన కూడా వేళాకోళం మానేశాడు. "ఆకు కూడా బాగుందిలే అక్కా" అన్నాడు ఒకరోజు. ఆ జాలి మాట వేళాకోళంకంటే గట్టిగా తగిలింది.

"నాకు నిద్ర పట్టట్లేదు తమ్ముడూ" అంది అక్క. "ఆ వెలుతురు రేకు సందుల్లోంచి వచ్చి కంటి మీద కూర్చుంటోంది. కాస్త కునుకు పడితే అదే కల. చామంతులన్నీ కళ్ళు తెరుచుకుని నావైపే చూస్తుంటాయి. ఏదో అడుగుతుంటాయి. వినబడదు."

"మూసేద్దామని ఉందా అక్కా?"

ఆమె బాల్చీ తీసుకుని కుండీలవైపు వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ అంది. "తలకిందులు కొమ్మకే నెలంతా పోశాను. వీటికి పొయ్యనా?"

ఒక తెల్లవారుజామున నేను పనికి వచ్చేసరికి తోటంతా మంచు. పొద్దు వచ్చీ రాకుండా ఉంది. అప్పుడే స్తంభం మీది లైటు ఆర్పినట్టుంది, దాని చుట్టూ పురుగులు ఇంకా తిరుగుతున్నాయి, పోయిన దీపాన్ని వెతుక్కుంటూ. అక్క కుండీల మధ్య నిలబడి ఉంది. భుజం మీద తడి గోనె. నన్ను చూసి చెయ్యెత్తింది, కదలొద్దన్నట్టు.

"చూసి రా తమ్ముడూ. తొక్కకుండా."

వెళ్ళాను. మొదట నాకేమీ కనబడలేదు. తర్వాత కనబడింది. ఆకుల మధ్య చిన్నచిన్న మొగ్గలు, బఠాణీ గింజలంత. కానీ అన్ని కుండీలకీ కాదు. ఒక పలకలాగా ఇక్కడ కొన్ని. మధ్యలో సన్నటి ఖాళీ. మళ్ళీ ఒక పలక. మళ్ళీ ఖాళీ. నేల మీద ఎవరో చాపలు పరిచినట్టు, వరసగా, దారి పొడుగూతా.

"ఏంటక్కా ఇది? గోనెల నీళ్ళు కారి..."

"గోనెలు తీగ మీద ఉంటాయి. తీగ దారి మీద ఉంది. ఇక్కడ కారవు." ఆమె గొంతు చాలా మెల్లగా ఉంది, నిద్రపోయే పిల్లల దగ్గర మాట్లాడినట్టు. "ఇటు చూడు."

చివరి పలక మధ్యలో ఒక్క కుండీకి మొగ్గ లేదు. చుట్టూ ఉన్నవాటికి ఉంది, దానికి లేదు.

అక్క భుజం మీది గోనె విప్పింది. మధ్యలో పెద్ద చిరుగు. అది ఆమె మోకాళ్ళ కింద వేసుకుని కూర్చునే గోనె. కొన్నవాళ్ళకి ఇచ్చేది కాదు కాబట్టి రోజూ తీగకి ఆ చివరే వేస్తుంది. దాన్ని తీగ మీద వేసి, వెళ్ళి స్విచ్ వేసింది. స్తంభం మీద లైటు వెలిగింది. మంచులో గోనె నీడ పొడుగ్గా సాగి కుండీల మీద పడింది. చిరుగులోంచి వెలుతురు ముక్క ఒకటి జారి, సరిగ్గా ఆ మొగ్గలేని కుండీ నెత్తిన కూర్చుంది.

టైర్ల కొట్టులో కోడి ఒకటి కూసింది. అక్క తిరిగి వెళ్ళి లైటు ఆర్పేసింది.

"వీటిని నిద్ర పోనివ్వలేదు మనం" అంది. "చీకటి పడితేనే వీటికి చలికాలం వచ్చిందని తెలుస్తుందేమో. మనం చీకటే లేకుండా చేశాం. పాత బల్బు ఆర్పేసేదాన్ని కాబట్టి ఇన్నాళ్ళూ తెలియలేదు." గోనెలన్నిటినీ చూసింది. అవి మంచుకి మెత్తగా వేలాడుతున్నాయి. "నీడ పడ్డచోటే పూయబోతోంది."

సాయంత్రం ఇంకో చిక్కు. లైటు ఆర్పితే మనుషులకి దారి కనబడదు, రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి తోట ఉందనే తెలియదు. అమ్మడానికి వెలుతురు కావాలి. పూయడానికి చీకటి కావాలి. రెండూ ఒకే జాగాలో. లైట్ల కొట్టతన్ని మళ్ళీ పిలిచింది. విషయం విని అతను తల గోక్కున్నాడు.

"పువ్వులకి నిద్ర చాలట్లేదా పెద్దమ్మా? మా ఇంట్లో పిల్లలకి కూడా ఇదే రోగం. సరే, ఉన్నవన్నీ పట్టుకొస్తా, నువ్వే ఏరుకో."

మర్నాడు పొద్దు పోతూ ఉండగా పెట్టె నిండా దీపాలు తెచ్చాడు. అప్పుడు అక్క చేసిన పని మేం ఎవరం అనుకోలేదు. వెళ్ళి చామంతి కుండీల మధ్య చిరుగు గోనె పరుచుకుని, మోకాళ్ళు ముడుచుకుని, ఆకుల ఎత్తున తల పెట్టుకుని కూర్చుంది.

"నేను చామంతిని" అంది. "తమ్ముడూ, నువ్వు మొక్కలు కొనేవాడివి. గేటులోంచి నడిచి రా. నీకు దారి కనబడాలి. నాకు దీపం కనబడకూడదు."

మొదట కదిలితే వెలిగే దీపం పెట్టాడు. నేను నడిస్తే వెలిగింది, బాగానే ఉంది. కానీ వెనకాలే కుక్క వచ్చింది, అదీ వెలిగించింది. గాలికి గోనె ఊగితే వెలిగింది. "వద్దు బాబూ, ఇది కుక్క తోక ఊపినా లేపుతుంది" అంది కుండీల్లోంచి చామంతి.

తర్వాత ఎండతో నిండే దీపం. దాని నెత్తిన చెయ్యి మూసిపెడితే, చీకటి పడిందనుకుని వెలిగింది. కరెంటే అక్కర్లేదు. నాకు నచ్చింది.

"ఎప్పటిదాకా వెలుగుతుంది?"

"ఎండ బాగా తింటే తెల్లారేదాకా పెద్దమ్మా."

"అదే వద్దంటున్నా."

ఇంకోటి నేల మీదనుంచి పైకి కొట్టింది. నా మొహం కిందనుంచి వెలిగి దెయ్యంలా ఉందని టైర్ల కొట్టాయన గోడ మీద నవ్వాడు. మరొకటి తెల్లది, చిన్నదే, కానీ సూదిలా గుచ్చింది. నేను గేటు నుంచి గదికి, గది నుంచి గేటుకి తిరిగి తిరిగి అలిసిపోయాను. ఏమీ కొనకుండా అన్నిసార్లు వచ్చిన బేరం నేనే అయి ఉంటాను.

పెట్టె అడుగున కురచ దీపాలు కొన్ని మిగిలాయి. మోకాలెత్తు గొట్టం, నెత్తిన రేకు టోపీ. వెలుతురు టోపీ కిందినుంచి నేలకే దిగుతుంది, పక్కకి పోదు. పసుపు రంగు. ఇవి కూడా ఎల్‌ఈడీలే. వాటిని దారి వెంబడి గుచ్చాడు. గేటు మీద పేరు బోర్డుకి టోపీ ఉన్న దీపం ఇంకొకటి, కిందికి చూసేట్టు. స్విచ్ వేశాడు.

నేను నడిచాను. నా పాదాలు కనబడ్డాయి. గులకరాళ్ళు, తడి మట్టి, దారి అంచున ఎర్ర గులాబీ ఎర్రగానే. మోకాళ్ళకి పైన అంతా మెత్తటి చీకటి. ఏట్లో నడుస్తున్నట్టు ఉంది, వెలుతురు ఏరు, మోకాలి లోతు. పక్కన చామంతి జాగా అంతా నల్లగా, ఊపిరి బిగబట్టి ఉంది.

"అక్కా, ఎక్కడున్నావు?"

"ఇక్కడే. దీపం కనబడట్లేదు." ఆ చీకట్లోంచి ఆమె నవ్వు వినబడింది. "నీ చెప్పులు మాత్రం కనబడుతున్నాయి. ఎడమదానికి కుట్టు ఊడింది చూసుకో."

ఆర్పడం మరిచిపోకుండా, వేళ తిప్పి పెట్టుకునే టైమరు పెట్టె ఒకటి కూడా బిగించాడు. పొద్దు పోగానే అదే వెలిగిస్తుంది, తోట మూసే వేళకి అదే టక్కుమని ఆర్పేస్తుంది. తెల్ల లైటు వృథా కాలేదు. టైర్ల కొట్టాయన చక్రాలు విప్పుకోవడానికి తీసుకుని, తోటకి వీపు తిప్పి తన గోడకి అవతలివైపు బిగించుకున్నాడు.

ఆ తర్వాత ఎదురుచూడటమే. చలి ముదిరింది. ఎదుటి తోటల చామంతులు పూశాయి, బండ్లకెక్కాయి, వెళ్ళిపోయాయి. మన దగ్గర గోనెల నీడ పడ్డ కుండీలే పూసి అమ్ముడుపోయాయి. అవెంత? మిగతావి అప్పుడే మొగ్గ కడుతున్నాయి. చలి పోతే ఎవరు కొంటారు? సాయంత్రాలు అక్క దారి పక్కన కూర్చుని చీకట్లోకి చూసేది, ఎవరో రావలసినవాళ్ళు ఉన్నట్టు. బాగా నిద్రపోతున్నానంది. కల కూడా మారిందంది. ఇప్పుడు కలలో చామంతులు కళ్ళు మూసుకుని ఉంటున్నాయట.

చలి వెనక్కి తగ్గుతుండగా కూతురు వచ్చింది. ఆ మాట తేల్చుకోవడానికే వచ్చిందని ముగ్గురికీ తెలుసు. పొద్దు పోయింది. పసుపు దీపాలు వాటంతటవే వెలిగాయి. గేటు దగ్గర ఆ పిల్ల ఆగిపోయింది.

చామంతి విచ్చుకుంది. అన్నీ ఒకేసారి. చీకట్లో పూలు కనబడవు, కానీ చేదుచేదుగా ఆ వాసన దారి మీదికి వచ్చి నిలబడింది. మిగతా తోటలన్నిట్లో పూలు అయిపోయాయి కాబట్టి, చామంతి కావలసినవాళ్ళందరూ ఇక్కడే ఆగుతున్నారు. పని దుస్తుల్లో ఉన్నవాళ్ళు, పిల్లల్ని చంకనెత్తుకున్నవాళ్ళు, మోకాలి లోతు వెలుతుర్లో నెమ్మదిగా నడుస్తూ, గుసగుసగా మాట్లాడుకుంటూ. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఎందుకో తెలియదు. అక్క చీకట్లోకి వెళ్ళి ఒక్కో కుండీ ఎత్తుకొచ్చి దీపం కింద పెడితే అప్పుడు పువ్వు రంగు బయటపడుతుంది. ప్రతిసారీ ఎవరో ఒకరు "అబ్బ" అంటున్నారు.

"అలా చూస్తావేంటే, ఓ చెయ్యి వెయ్యి" అంది అక్క కూతురితో.

కూతురు చేతిసంచి నా బండి మీద పెట్టి, కొంగు దోపుకుంది. మొక్కలకి గోనె చుట్టడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు నేర్చుకున్నదే, ముడి మరిచిపోలేదు. నేను బండి నింపి వీధుల్లోకి వెళ్ళి వచ్చి మళ్ళీ నింపాను. నడుము నా మాట వినడం లేదు, ఆ రోజు దాని మాట నేనూ వినలేదు.

జనం పలచబడ్డాక కూతురు దారి పొడుగునా ఒకసారి నడిచింది, గేటు నుంచి తల్లి గది దాకా, కిందికి చూసుకుంటూ. తిరిగి వచ్చింది.

"దారి బాగా కనబడుతోందమ్మా."

"అవును. మరి తాళం తెచ్చావా?"

"ఏ తాళం?"

"గేటుకి వేద్దామన్నావుగా."

"నేనెప్పుడన్నాను? మామయ్యా, నేనన్నానా?"

"నాకేం గుర్తు తల్లీ, నేను మట్టి జల్లిస్తున్నాను" అన్నాను.

అక్క తొట్టి దగ్గరికి వెళ్ళి ఆ సాయంత్రం తిరిగి వచ్చిన గోనెలు జాడించి తెచ్చింది. తల్లీకూతుళ్ళు చెరో కొస పట్టుకుని పిండి తీగ మీద వేశారు. చిరుగుది ఎప్పటిలాగే ఆ చివర. వేస్తుండగానే పెట్టె టక్కుమంది. దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. కూతురు "అమ్మా!" అని తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఏం లేదు. ఉండు" అంది అక్క. "కాసేపటికి కళ్ళు అలవాటు పడతాయి."

ముగ్గురం అలాగే నిలబడ్డాం. గోనెల నుంచి నీళ్ళ చుక్కలు దారి మీద పడుతున్నాయి. నెమ్మదిగా, చామంతి జాగాలో, ముందు తెల్లవి కనబడ్డాయి.